రెండున్నర అడుగుల తలుపు, నాలుగడుగుల గంప

మా పగిడయ్య అబద్ధం ఆడడు. ముందే చెప్పిపెడుతున్న, తర్వాత నన్ను అనొద్దు. ఉన్న నిజాన్నే తీసుకొని, చాయ్‌ల నీళ్లు పోసినట్టు పోసి, పదిమందికి సరిపోయేటట్టు చేస్తడు. పంచిపెట్టే గుణమున్న మనిషి.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే వచ్చి గంగక్క చాయ్ కొట్టుల కూసున్నడు. మా స్టేజీ అంటే ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిల, డ్రైవర్‌కు బుద్ధి పుడితే బస్సు ఆగే చోటు. ఇటు పత్తిచేన్లు అయిపోతయి, అటు అడివి మొదలైతది. పగిడయ్య ఇస్త్రీ చొక్కా తొడిగిండు. జేబుల రెండు పెన్నులు. రెండెందుకు బావా అంటే, ఒకటి సంతకాలకు, ఇంకోటి ఆటోగ్రాఫులకు అన్నడు.

సంగతేందంటే, పది గంటలకు ఖమ్మం నుంచి వ్యాన్ వస్తది. ఆయన చేసిన బొమ్మను ఎగ్జిబిషన్‌కు తీసుకపోతది. వ్యాన్ వచ్చేసరికి బొమ్మ బయట రెడీగ ఉండాలె, లేకుంటే ఆ జాగ ఇంకొకలకు ఇచ్చేస్తమని ఎగ్జిబిషనోళ్ల ఆఫీసుల పనిచేసే సాహిత్య అనే పిల్ల మూడుసార్లు ఫోన్ చేసి చెప్పింది.

బొమ్మ ఏమో గంగక్క కొట్టు వెనక రేకుల గదిల ఉంది. నిలువెత్తు ఆడమనిషి, నెత్తి మీద ఇప్పపువ్వు గంప. నాలుగు నెలలు ఆ గదిలనే, కిరాయి లేకుండ, గంగక్క కట్టెలమోపులు మూలకు జరుపుకొని చేసిండు. గది తలుపు వెడల్పు రెండున్నర అడుగులు. నెత్తి మీది గంప వెడల్పు నాలుగడుగులు. ఈ లెక్క నాలుగు నెలలు ఎవ్వలకూ తట్టలేదు. నిన్న సాయంత్రం పగిడయ్యకు తట్టింది. పొద్దుగాల వచ్చి, ఇంకో చాయ్ అడిగినంత అలవోకగ గంగక్కకు చెప్పిండు.

"అక్కా, ఆ తలుపు పక్కపొంటి గోడ ఓ మూడడుగులు తీసేస్తే అయిపోతది. మళ్ల నేనే కట్టిస్త."

గంగక్క పాలగిన్నె దించింది. "ఆ గోడ ఏడు తునికాకు సీజన్లల్ల లేసింది పగిడయ్యా. ఒక్కో ఎండాకాలం ఆకు కోసిన పైసలతోటి ఇన్ని వరసలు, ఇన్ని వరసలు పెట్టుకుంట వచ్చిన. తీసేస్తే అయిపోతదా?"

"గందుకే అడుగుతున్న. ఊకె పడిపోయే గోడలు ఎన్నో ఉంటయి. కళ కోసం పడ్డ గోడ ఈ మండలంల ఒక్కటన్న ఉందా? లోపల నిలబడ్డది ఎవరో తెలిస్తే నువ్వే గడ్డపార అందిస్తవ్. చెప్పాల్నా?"

చెప్పమని ఎవ్వలూ అనలేదు. వద్దని గూడ అనలేదు. ఆయనకు అది చాలు.

పగిడయ్య కాక కొట్టుల ఉన్నది నలుగురం. గంగక్క, నేను, ఆటో నడిపే దస్రు, మూలకు రూప్‌సింగ్. రూప్‌సింగ్‌ది స్టేజీ కాడ వెల్డింగ్ షాపు. మాట్లాడితే కరెంటు బిల్లు వస్తదేమో అన్నట్టు ఉంటడు.

"మొదలు నేను అనుకున్నది చిన్న పనే," అని పగిడయ్య అందుకున్నడు. "నాలుగు ఇనుప చువ్వలు పడి ఉన్నయ్, వాటికి వెదురుబద్దలు కట్టి, పుట్టమన్నుల వరిగడ్డి తొక్కి, చింతగింజల బంక కలిపి పూస్తే ఓ మనిషి ఆకారం రాదా అనుకున్న, వచ్చింది. జడకు సైకిల్ చైన్లు పెట్టిన, కండ్లకు ట్రాక్టర్ బేరింగులు, ఒంటికి పాత చీరలు బంకల ముంచి చుట్టిన, నెత్తికి చుట్టబట్ట, చుట్టబట్ట మీద గంప, గంపల మైనంల ముంచిన కాగితం ఇప్పపువ్వులు. దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటరు. మీకు తెల్వదు."

"మేము కిచిడీ అంటం కాకా," అన్నడు దస్రు.

"అను. రేపు టికెట్ కొనుక్కొని చూస్తవ్. మట్టిబొమ్మ అన్నంక ఆరేటప్పుడు బీట పెడతది, ఎవ్వడు చేసినా పెడతది. నాది ఒక్క బీట పెట్టలే. ఎందుకో తెలుసా? ఏక శిల్పం. కాలిగోరు నుంచి గంప అంచు దాక ఒక్కటే ముక్క. అతుకు లేదు, బోల్టు లేదు. మనం పుట్టినప్పుడు మనకేమన్న బోల్టులున్నయా? ఆమెకూ లేవు. ఎగ్జిబిషనోళ్ల ఫారంల గూడ అట్లనే రాసిన. 'విడదీయగల భాగాలు' అన్న కాడ 'లేవు' అని రాసిన. 'బరువు' అన్న కాడ 'చూసేవారి మనసును బట్టి' అని రాసిన."

రూప్‌సింగ్ చాయ్ గిలాస లోపలికి చూసుకున్నడు, ఈగ పడ్డదేమో అన్నట్టు.

"సరే, బొమ్మ అయింది. ఉప్పుకాగితంతోటి రుద్దిన, చెద పట్టకుండ వేపనూనె పూసిన. మైనం పువ్వులు గంపల అంటించి పక్కకు జరిగిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తేనెటీగలు వచ్చినయ్. ఎవరి మైనం వాళ్లు గుర్తుపట్టరా మరి? కాగితం పువ్వుల మీద వాలినయ్, తాగినయ్, తుట్టె పెట్టినయ్. రెండు డబ్బాల తేనె పిండిన."

"నా గదిల తుట్టె పెడితే నాకెందుకు కనపడలే?" అన్నది గంగక్క.

"నువ్వు కట్టెల కోసం ఆ గదిలకు వచ్చేది సాయంత్రం గదక్కా. అవి నాలుగున్నరకే డ్యూటీ దిగేటియి."

"తేనె ఏది?"

"అదే చెప్తున్న. ఆ తేనె కోసమే ఎలుగుబంటి వచ్చింది."

దస్రు బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకొని సర్దుకున్నడు. ఆయనకు తెలుసు, ఎలుగుబంటి వచ్చిందంటే ఇంకో చాయ్ చెప్పొచ్చని.

"ఇప్పపువ్వు అంటే ఎలుగుకు ప్రాణం గదా. మిట్టమధ్యాహ్నం, నేను ఆమె మడమలు రుద్దుతున్న. తలుపుల నిలబడ్డది. తలుపు నిండ ఎలుగే. నేను కదల్లే. అది నన్ను చూడనే లే. పోయి గంపల చెయ్యి పెట్టబోయింది. పెట్టబోయి ఆమె మొఖం చూసింది. ఆ చూపు నేను తీర్చిన చూపు, ఊకెనే ఉంటదా? చెయ్యి వెనక్కి తీసుకుంది. తలకాయ వంచింది. వీపు చూపెట్టకుండ, పెద్దల ముంగట నడిచినట్టు వెనక్కి వెనక్కి నడుచుకుంట అడివి దాక పోయింది. తేనె డబ్బాలు రెండు నేనే ఇచ్చి పంపిన. ఖాళీ చేతులతో పంపుతే బాగుండదని."

"మంచిపని చేసినవ్," అన్నది గంగక్క. "లేకుంటే మాకు చూపెట్టాల్సి వచ్చేది."

పగిడయ్యకు ఇసొంటియి తాకవు. తాటాకు మీద వాన పడ్డట్టు జారిపోతయి.

"ఎలుగు సంగతి ఇడిచిపెట్టు, అది జంతువు, దానికి కళ అర్థమైతది. మనుషుల సంగతి చెప్త. ఉపాధి హామీ పని కాడ ఫోన్‌ల మొఖం పట్టి హాజరు వేస్తున్నరు గదా ఇప్పుడు? ఆ మేటు పిల్లగాడు ఓ రోజు చాయ్‌కి వచ్చి, ఆమెను చూసి నవ్వులాటకు ఫోన్ పెట్టిండు. కండ్లు మూసి తెరువుమన్నది ఫోన్. మూసి తెరిచింది. హాజరు పడ్డది. నీ మొఖం ఎన్నిసార్లు పెట్టిన్రు దస్రూ?"

"ఆరుసార్లు," అన్నడు దస్రు. ఇది మాత్రం నిజం.

"ఆరుసార్లు. ఆరోసారి గూడ మనిషి కనపడుతలేడనే అన్నది. ఆమెది ఒక్కసారికే పట్టింది. మూడు వారాలు పొయ్యకుండనే హాజరు పడ్డది. మీకూ ఆమెకూ తేడా ఏందంటే, ఆమె మట్టిల పుట్టి మట్టి పని చెయ్యలేదు, మీరు..."

"మేము పోయి గూడ చెయ్యలేదు, తెలుసు," అన్నడు దస్రు. "ముంగటికి పో."

"ముంగటికే పోతున్న. ఖమ్మం పోతున్న. ఎగ్జిబిషన్‌కు బొమ్మలు ఏరేటోళ్లకు నేను ఫోటో పంపితే వాళ్లు నమ్మలే. ఇది బొమ్మ కాదు, ఎవర్నో నిలబెట్టి తీసిన్రు అన్నరు. సరే, మీ కండ్లతోనే చూడుండ్రి అని ఆమెను తీసుకొని ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కిన."

నేను ఇరవై ఎనిమిదేండ్లు ఆర్టీసీల కండక్టర్ చేసిన. ఎలుగుబంటి విషయంల నాకు అధికారం లేదు గనక ఊకున్న. బస్సు దాక వస్తే ఊకుంటనా?

"టికెట్ ఏం కొట్టిండు బావా?"

"ఏం కొడతడు? ఆడమనిషి, జీరో టికెట్. ముందుగాల ఆధార్ అడిగిండు. ఆధార్ ఎందుకయ్యా, గోకి చూడు, మొత్తం ఈ జిల్లా మట్టే అన్న. గోకి చూసిండు. జీరో టికెట్ కొట్టి, కిటికీ పక్క సీటుల కూసోబెట్టిండు."

"ఆడోళ్లకు ఫ్రీ, సరే. నాలుగడుగుల గంపకు లగేజీ కొట్టాల్సిందే. రూల్ అది."

"అడిగిండు. అచ్చం నీలాంటోడే, మనిషి ఫ్రీ గని గంప ఫ్రీ కాదన్నడు. ఆమె ఏమన్న తక్కువదా? గంప దించి ఒడిల పెట్టుకుంది. ఒడిల పెట్టుకున్నదానికి లగేజీ ఉందా? చెప్పు."

ఆలోచించిన. "లేదు," అన్న. రూల్ రూలే.

"ఆఁ. ఆ కండక్టర్ గూడ నీలెక్కనే నోరు మూసుకొని రైట్ రైట్ అన్నడు."

గంగక్క చాయ్ వడపోసేది ఆపి, పగిడయ్య దిక్కు ఒక్కసారి చూసింది. మళ్ల వడపోసింది.

"ఖమ్మంల దిగినం. పెద్ద హాలు, ముగ్గురు జడ్జీలు. ఒక సారు గడ్డం గోక్కుంట ఆమె చుట్టు మూడు తిరుగుళ్లు తిరిగి, 'ఇందులో ఖాళీ చాలా బాగా పలుకుతోంది' అన్నడు. ఖాళీ ఏడుంది సారూ, లోపల మొత్తం గడ్డి కూరిన అన్న. 'అదే, అదే' అన్నడు. ఇంకో మేడమ్ 'ఈమె బాధ నాకు అర్థమవుతోంది' అని కండ్లద్దాలు తుడుచుకుంది. ఆ మేడమ్ జన్మల గంప ఎత్తిందో లేదో నాకు తెల్వదు. మూడో సారు ఏం చేసిండు? లేచి ఆమెకు కుర్చీ వేసిండు. అడివి నుంచి నిలబడే వచ్చినవ్, కూసో తల్లి అన్నడు."

"బస్సుల కూసుంది గదా," అన్నడు దస్రు.

"ఆయనకేం తెలుసు? ఇగ చుట్టూ మిగతా బొమ్మలు ఉన్నయ్ సూడు, ఇత్తడియి, ఫైబర్‌వి, హైద్రాబాద్ నుంచి వచ్చినయ్, అవన్నీ జరిగి ఆమెకు నడుమ జాగ ఇచ్చినయ్. నేను వద్దన్న. వరసలనే నిలబడుతది అన్న. మనకు గొప్పలు పడవు."

ఆ మాటకు రూప్‌సింగ్‌కు పొలమారింది. గంగక్క మంచినీళ్లు అందించింది.

"అసలుది చెప్పలేదింక. గోదావరి వచ్చింది."

"ఏడికి?"

"చూడనీకి. వానకాలంల భద్రాచలం కాడ మూడో ప్రమాద హెచ్చరిక వేసిన్రు, యాదుందా? ఎగువల వానలు పడ్డయని చెప్పిన్రు. వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలె గదా. నేనప్పుడు ఆమెకు వార్నిష్ పూస్తున్న. కాళ్ల కింద సల్లగ తగిలింది. చూస్తే నీళ్లు. గడప కాడ ఆగినయ్, లోపలికి రాలే, అంత మర్యాద. నేను చెయ్యి అడ్డం పెట్టి, వార్నిష్ ఆరలేదు తల్లీ, రెండు రోజులు ఆగి రా అన్న. పొద్దుగాలకు మొదటి హెచ్చరికకు దిగింది."

"గోదావరికి గీడికి ఇరవై కిలోమీటర్లు కాకా."

"గందుకే అలసిపోయి గడప కాడ ఆగింది." పగిడయ్య లేచి నిలబడ్డడు. "ఇప్పుడు చెప్పక్కా. ఎలుగుబంటి ఆమెకు దారి ఇచ్చింది. ఆర్టీసీ ఇచ్చింది. గోదావరి ఇచ్చింది. నీ ఇటుకలు ఇయ్యవా?"

అప్పుడే రోడ్డు మీద హారన్ కొట్టింది. పదికి ఇంక పావుగంట ఉంది, వ్యాన్ ముందే వచ్చింది. సాహిత్య దిగింది, చేతిల ఫారం, టేపు. "సార్, ప్యాకింగ్ అయిందా? దారిల ఇంకో రెండు బొమ్మలు ఎక్కించుకోవాలె. పదికి కదులుతం, దాటితే మావోళ్లు ఒప్పుకోరు."

మేమందరం వెనక గదికి నడిచినం. పాత బొంతలు, బబుల్ కవరు, గడ్డి అన్నీ రెడీగనే ఉన్నయ్, తలుపు ఒక్కటే రెడీగ లేదు. సాహిత్య తలుపులకెళ్లి తొంగి చూసింది. నిజం చెప్తున్న, బొమ్మ బాగుంటది. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకొని, మెడ కొంచెం బిగబట్టి, బరువు అలవాటైన మనిషి నిలబడ్డట్టే నిలబడి ఉంటది.

"ఫోటోల కంటే చాన బాగుంది సార్," అన్నది. "మేమెవ్వరం చూడలేదు గదా, ఫోటో చూసే సెలెక్ట్ చేసినం."

మేము తలా ఒక దిక్కు చూసినం. దస్రు రేకుల దిక్కు చూసిండు.

పగిడయ్య వినపడనట్టే గడ్డపార అందుకున్నడు. రాత్రే తెచ్చి గోడకు ఆనించి పెట్టుకున్నడట. నాలుగు నెలలు, వార్నిష్ మరకలు పోని గోర్లు, ఇస్త్రీ చొక్కా. పది నిమిషాలల్ల ఈ గోడ అన్న పోవాలె, ఖమ్మంల జాగ అన్న పోవాలె.

గంగక్క వచ్చి గడప మీద నిలబడ్డది.

"పగిడయ్యా, కొట్టు. వద్దనను. ఒక్కటి అడుగుత, చెప్పి కొట్టు. బస్సుల ఆమె గంప దించి ఒడిల పెట్టుకుందంటివి."

"అవ్, పెట్టుకుంది."

"మా అమ్మ ఇప్పపువ్వుకు పొయ్యేది. నేను పొయ్యిన. ఏనాడు గూడ నెత్తిన గంపతోటి తలుపు దాటలే. గడప కాడ దించుతం, ముందుగాల మనిషి పోతది, ఎనక గంప పోతది. అసలు ఆ చుట్టబట్ట పెట్టుకునేదే ఎందుకు? ఎత్తుకొని దించుకోనీకి. ఎవ్వలో కండక్టర్ అడిగితే దించినామె, నాలుగు నెలలు నీడ ఇచ్చిన నా గడప కాడ ఎందుకు దించది? పో, దించమను."

పగిడయ్య చెయ్యి జేబుల పెన్నుల మీదికి పోయింది. బస్సు అబద్ధమన్న అనాలె, ఏక శిల్పం అబద్ధమన్న అనాలె. ఏది అన్నా జేబుల పెన్నులల్ల ఒకటి తగ్గుతది.

రూప్‌సింగ్ ప్యాంటు జేబుల చెయ్యి పెట్టి ఓ పానా తీసిండు. పొద్దుటి సంది అది జేబులనే ఉందన్నట్టు. తీసి, గడప పక్కన ఇటుక మీద పెట్టిండు.

"పంతొమ్మిది నంబర్," అన్నడు. "చుట్టబట్ట కింద రెండు బోల్టులున్నయ్. నేను బిగించిన, పగిడయ్య మామ టార్చి పట్టిండు. ఎవ్వలకు చెప్పకు అన్నడు, చెప్పలే. గోడ పడుతుంటే గూడ చెప్పకుంటే ఎట్ల?" కొంచెం ఆగి, "ఎడమదిక్కుది టైట్ ఉంటది," అన్నడు.

ఆ మనిషి అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడంగ ముందెన్నడు నేను వినలే.

పగిడయ్య గడ్డపార గోడకు ఆనించిండు. పానా తీసుకున్నడు. లోపలికి పోయి స్టూలెక్కి కుడిదిక్కు బోల్టు తనే తిప్పిండు. ఎడమది తిరగలే. పానా రూప్‌సింగ్‌కు అందించి, కింద నిలబడి ఫోన్‌ల టార్చి పట్టిండు.

గంప దిగింది. గంప దిగినంక ఆమె అయిదడుగుల మనిషి. దస్రు, నేను, వ్యాన్ డ్రైవర్, రూప్‌సింగ్ నలుగురం బొంతలల్ల పట్టుకొని పక్కకు తిప్పితే, పాలల్లకెళ్లి మీగడ తీసినట్టు తలుపుల నుంచి వచ్చేసింది. ఎనక గంప వచ్చింది, నిట్టనిలువుగ తిప్పితే పట్టింది. గోడకు గీత గూడ పడలే.

సాహిత్య ఫారం తెరిచింది. "సార్, విడదీయగల భాగాలు లేవని రాసిన్రు. ఇప్పుడేం రాయాలె?"

పగిడయ్య గంప దిక్కు వేలు చూపెట్టిండు. "రెండు."

"తయారుచేసిన వాళ్లు? మీ ఒక్కరి పేరే ఉంది."

రూప్‌సింగ్ పానా తుడుచుకుంటున్నడు, తనను కాదన్నట్టు. పగిడయ్య ఆయన దిక్కు చూసిండు, గోడ దిక్కు చూసిండు. "గక్కడ గూడ రెండే రాయమ్మా," అన్నడు. జేబులకెళ్లి సంతకాల పెన్ను తీసి రూప్‌సింగ్‌కు ఇచ్చిండు. ఆటోగ్రాఫుల పెన్ను మాత్రం తన కాడనే ఉంచుకున్నడు.

వ్యాన్‌ల ఆమెను నిలబెట్టి తాళ్లు కట్టినం. గంపకు జాగ దొరకలే. కింద పెడితే మైనం పువ్వులు నలుగుతయి, మీద పెడితే ఊగుతది. చివరికి పగిడయ్యే వెనక ఎక్కి, ఆమె కాళ్ల కాడ కూసున్నడు. గంప చేతులల్ల పట్టుకొని ఏడ పెట్టాల్నా అని దిక్కులు చూస్తుండు.

గంగక్క ఖాళీ గిలాసలు ఏరుకుంట, తల ఎత్తకుండనే చెప్పింది.

"ఒడిల పెట్టుకో తమ్మీ. లగేజీ పడది."